పసుపు గీత మీద పది నడకలు

గాజు సీసాల కర్మాగారంలో బయటి గేటుకూ లోపలి గేటుకూ నడుమ సిమెంటు నేల మీద ఒక పసుపు గీత ఉండేది. వెడల్పు జానెడు, నిడివి, మామూలు మనిషి నడిస్తే ఇరవై రెండు అడుగులు. ఆ గీత పక్కనే, నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత గది ఒకటి. గదిలో ఒక ఎత్తు స్టూలు, ఒక గోడ గడియారం, ఒక పెద్ద పుస్తకం, ఎవరూ ఎత్తుకుపోకుండా కిటికీ ఊచకు పురికొసతో కట్టిన పెన్ను. పంతొమ్మిదేళ్లు ఆ గదిలో కూర్చున్న మనిషిని చిన్నా పెద్దా అందరూ గేటు బాబాయి అనేవారు. కంపెనీ క్వార్టర్సులో చివరి ఇల్లు ఆయనది. దాని పక్క ఇల్లు మాది. రెండు పెరళ్లకూ గోడ ఒకటే.

ఒకప్పుడు ఎవరో తాగి పనిలోకి వచ్చి, సీసాలు నింపిన ట్రాలీ మీద పడ్డాడట. అప్పటినుంచి లోపలికి వెళ్లే ప్రతి మనిషీ ఆ గీత మీదుగానే నడవాలన్నది నియమం. గేటులో ఉన్నవాడు ఆ నడకను చూడాలి. తిన్నగా నడిస్తే పేరు ఎదురుగా ఒక టిక్కు. నడవకపోతే, ఎలా నడిచాడో ఇంగ్లీషులో ఒక్క మాట. ప్రధాన కార్యాలయంలో పుస్తకం చదివేవారికి మన భాష రాదు కాబట్టి ఇంగ్లీషు తప్పలేదు.

బాబాయికి వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే. ఆయనకు ముందు ఆ స్టూలు మీద కూర్చున్నవాడు పెన్నుతో పాటు ఆ మాటను కూడా అప్పగించి పోయాడు: స్టాగర్. తాగినవాడు, లేదా తల తిరిగినవాడు, అటూ ఇటూ తూలుతూ నడవడం దాని అర్థం. బాబాయి మాత్రం గీత తప్పిన ప్రతి నడకకూ అదే పేరు అనుకున్నాడు. మోకాలు పట్టేసినవాడికీ అదే రాశాడు, కొత్త బూట్లు కరిచినవాడికీ అదే రాశాడు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవలేదు కనుక. తరువాత కొత్తగా ఒక సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. ఆయన చదివాడు.

మొదటి దెబ్బ సీసాలక్కకు తగిలింది. ఆవిడ పని, తెల్లని దీపపు వెలుతురు ముందు వరుసగా సాగిపోయే సీసాలను చూసి, బీట పడ్డదాన్ని తీసి పక్కన పెట్టడం. వెంట్రుకంత బీట కూడా ఆవిడ కన్ను దాటిపోదని పేరు. రోజంతా నిలబడి నిలబడి ఎడమ తుంటి అరిగిపోయింది. బాబాయి ఎప్పటిలాగే వరుసగా మూడు రోజులు ఆవిడ పేరు ఎదురుగా తనకు వచ్చిన మాట రాశాడు. నాలుగో రోజున, మద్యం సేవించి విధులకు వస్తున్నందుకు సంజాయిషీ చెప్పాలని నోటీసు వచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని కిటికీలోంచి ఆయన ఒళ్లోకి విసిరింది.

"అన్నయ్యా, నేను తాగుతానా?"

"నేనెప్పుడన్నాను చెల్లెమ్మా?"

"నోటితో అనలేదు, రాసి పంపావు. నేను తాగేది మన క్యాంటీను టీ ఒక్కటే. దాంతో మత్తెక్కాలంటే బిందెడు తాగాలి, అప్పుడు కూడా ఎక్కేది మత్తు కాదు, కడుపునొప్పి."

వెనక వరుసలో నవ్వులు. బాబాయి నవ్వలేకపోయాడు. ఆ సాయంత్రమే, నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి చేత పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వెనకాల ఆయన భార్య.

"టీచరమ్మగారూ, సరిగా నడవలేకపోవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారండీ?"

"ఎలా నడవలేకపోవడం?" అన్నాను. "మనకు తడబడటం వేరు, తూలడం వేరు, కుంటడం వేరు కదా. వాళ్లకూ అంతే."

"అయితే అన్నీ చెప్పండి."

చెబితే అర్థమయ్యే సంగతి కాదు కనుక నడిచి చూపించవలసి వచ్చింది. ముందుగదిలో కుర్చీలు జరిపాను. ఒక కాలు నొప్పి పెడితే బరువును రెండో కాలి మీదికి తోసి కుంటడం లింప్ అన్నాను. రెండు కాళ్లూ మొరాయిస్తే హాబుల్. ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేటట్టు వణుకుతూ నడవడం టాటర్. దేనికో తట్టుకుని ముందుకు తూలితే స్టంబుల్; ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోతే లర్చ్. వాడుల్ దగ్గరికి వచ్చేసరికి బాతులా అటూ ఇటూ ఊగవలసి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య రెండు చేతులూ ముందుకు చాపి నాతో పాటే ఊగింది.

"పడతారండీ టీచరమ్మగారూ, మెల్లగా! ఏమండీ, మీరు రాసుకుంటారా, ఆవిడ నడుం విరిగేదాకా చూస్తూ కూర్చుంటారా?"

"రాస్తున్నానే. బాతు దగ్గర ఉన్నాను."

పేజీకి ఒక మాట చొప్పున పది మాటలు రాసుకున్నాడు. ఏడో పేజీలో షఫుల్: పాదం నేలనుంచి లేవకుండా, చెప్పు ఈడ్చుకుంటూ నడవడం. ప్రతి మాట కిందా తన మాటల్లో అర్థం రాసి, పక్కన చిన్న మనిషి బొమ్మ గీశాడు. అక్షరాలు గుండ్రంగా ఉండేవి. దిద్దడానికి నాకు ఒక్క తప్పు మాత్రమే దొరికింది.

మర్నాడు సీసాలక్క పేరు ఎదురుగా లింప్ అని రాసి, పాత మాటలు పొరపాటని సంతకం పెట్టాడు. నోటీసు వెనక్కి వెళ్లింది. ఇంకో వారానికి ఆవిడను నిలబడే పని నుంచి తప్పించి, కూర్చుని మూతలు ఏరే బల్ల దగ్గర వేశారు. ఆ నెల బాబాయి మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ సంతోషం పట్టలేక, చెప్పిన సంగతే చెప్పాడు.

సంతోషపడ్డవాళ్లలో సేఫ్టీ సారు కూడా ఉన్నాడు. అంత ఖచ్చితమైన పుస్తకం ఏ గేటులోనూ లేదని పై వాళ్లకు రాశాడు. పై వాళ్లు ఆ పది మాటలతో ఒక పట్టిక తయారుచేసి, అచ్చు వేయించి, గేటు గది గోడకు అంటించమన్నారు. మాట ఎదురుగా చర్య. స్టాగర్ అయితే ఆ రోజుకు ఇంటికి. లింప్, హాబుల్ అయితే కూర్చునే పని. టాటర్, లర్చ్, షఫుల్ అయితే కంపెనీ డాక్టరు సరేనన్నదాకా లోపలి గేటు దాటకూడదు. డాక్టరు సరేనన్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

కొలిమి దగ్గర ముప్పై ఏళ్లు పని చేసిన ఒక పెద్దాయన ఉండేవాడు. కొలిమి తాత అనేవారు. పట్టిక అంటించిన పదో రోజున ఆయన గీత మీద చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. బాబాయి చూశాడు, చూసింది రాశాడు. సాయంత్రం తాత తన సామాను సంచీ భుజాన వేసుకుని కిటికీ దగ్గర ఆగాడు.

"ఏం రాశావురా అబ్బాయ్? ఆ మాటకు అర్థమేంటి?"

బాబాయి చెప్పాడు. తాత తన పాదాల వంక చూసుకున్నాడు.

"ఉన్నదే రాశావులే," అని వెళ్లిపోయాడు.

తిట్టినా బాగుండేదని బాబాయి నాతో అన్నాడు. ఆ తరువాత జనం గీత మీద వేరే నడక నడవడం మొదలుపెట్టారు. వీధి మలుపు దాకా కాళ్లీడ్చుకుంటూ వచ్చినవాళ్లు, బయటి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, ఇరవై రెండు అడుగులూ కవాతులా వేసి, అవతల గోడ పట్టుకుని నిలబడేవారు. బాబాయికి అన్నీ తెలుసు. గీత మీద కనిపించినదే రాసేవాడు. "బాబాయ్, మా కాళ్లు తీసుకెళ్లి నీ పెన్నుకు కట్టేశావు కదయ్యా," అని ఒక ట్రాలీ అతను కిటికీ మీద కొట్టి మరీ అన్నాడు.

ఆ గదిలో ఉన్నవాడి కాళ్లు ఎలా ఉన్నాయో మాత్రం ఎవరూ అడగలేదు.

నేనూ గమనించలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లల పుస్తకాల్లో చుక్క తప్పితే పట్టుకున్నదాన్ని, మా గుమ్మం ముందు వచ్చినప్పుడల్లా విడిచే ఆ చెప్పుల ముందు కొసలు కాగితంలా అరిగిపోయిన సంగతి చూడలేదు. ఆయన అరికాళ్లకు నేల తెలియడం మానేసి ఏడాది దాటిందట. చీకటితోనే, ఎవరూ రాకముందే వెళ్లి గేటు తాళం తీసి స్టూలెక్కేవాడు. అందరూ వెళ్లిపోయాక దిగేవాడు. మరుగుదొడ్డి ఆవరణకు అవతలి కొసన ఉంది కాబట్టి పగలంతా మంచినీళ్లు ముట్టేవాడు కాదు. మధ్యాహ్నం భోజనం స్టూలు మీదే. సర్వీసు ఇంకా పధ్నాలుగు నెలలుంది. అది పూర్తయితే, పదవీ విరమణ చేసినవారికి ఇచ్చే చిన్న ఇల్లు జీవితాంతం వాళ్లది. మధ్యలో తీసేస్తే నెలలో క్వార్టరు ఖాళీ చేయాలి. మొగుడూ పెళ్లాలకు వెళ్లడానికి మరో చూరు లేదు. అందుకే ఆ నాలుగు గోడల మధ్యనుంచి కదలకుండా పధ్నాలుగు నెలలు గడిపేద్దామనుకున్నాడు.

అప్పుడు సేఫ్టీ సారుకు ఒక ఆలోచన వచ్చింది. "గేటులో కూర్చున్నవాడు మాత్రం మనిషి కాదా?" అన్నాడు. ప్రతి నెలా మొదటి సోమవారం గేటు మనిషి కూడా గీత మీద నడవాలి. ఆ ఒక్క పూట ఇంకొకరు స్టూలు మీద కూర్చుని రాయాలి. కూర్చునే పనుల్లో ఉన్నవాళ్లలో కన్ను చురుకైన మనిషి ఎవరని అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. సీసాలక్క. ఆవిడకు ఇంగ్లీషు రాదు కనుక, వారం రోజుల్లో ఆ పది మాటలూ నేర్పే బాధ్యత బాబాయిదే.

ఆయన నేర్పాడు. కొత్త నోటుపుస్తకం కొని, బొమ్మలతో సహా దించి ఇచ్చాడు. వారం చివర, ఒక సాయంత్రం సీసాలక్క కుంటుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఒక కాగితం ముక్క నా ముందు పెట్టింది. మీద ఇంగ్లీషు అక్షరాలు, రాసినట్టు కాదు, ముగ్గు వేసినట్టు గీసి ఉన్నాయి.

"టీచరమ్మా, గోడ మీద పట్టికలో పది వరసలున్నాయి. అన్నయ్య ఇచ్చిన పుస్తకంలో తొమ్మిదే ఉన్నాయి. ఒక్కోటీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఇదొక్కటే మిగిలిపోయింది. ఏమిటిది?"

"షఫుల్," అన్నాను. "మరిచిపోయి ఉంటాడు." లేచి రెండడుగులు వేసి చూపించాను కూడా, పాదం లేవకుండా, చెప్పు నేలకు రాసుకునేటట్టు.

ఆవిడ నా కాళ్ల వంక చూస్తూ ఉండిపోయింది. బీట పడ్డ సీసాను కూడా అలాగే చూసేదేమో.

"ఈ చప్పుడు నాకు తెలుసు," అంది నెమ్మదిగా. "ఒకరోజు సంచీ మరిచిపోయి చీకటితో గేటుకు పోయాను. గది వెనకాల ఎవరో చీపురుతో ఊడుస్తున్నారనుకున్నాను. చూస్తే అన్నయ్య. తాళం తీసి వస్తున్నాడు."

ఆయన కావాలని దాచిన పేజీని నేను తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"అక్కా," అన్నాను, "అతను నీకు ఒకసారి అన్యాయం చేసిన మాట నిజమే..."

"తెలియక చేశాడు. కొలిమి తాతకు తెలిసి చేశాడు." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది. "మా పెదనాన్న కొడుకే తాత. మీకు తెలియదు కదూ? సరేలెండి."

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆ సంగతి గోడ అవతలివాళ్లకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చెప్పడానికి గోడ దాకా వెళ్లి, ఆయన భార్య బట్టలు ఆరేస్తూ "ఎల్లుండి ఎలాగో దాటిపోతే చాలండీ, ఇరవై రెండు అడుగులేగా" అంటే, చెప్పకుండానే తిరిగి వచ్చాను.

సోమవారం జరిగినది నేను చూడలేదు. తరువాత బాబాయీ సీసాలక్కా వేరువేరుగా చెప్పారు. తేడా లేకుండా చెప్పారు.

ఉదయపు షిఫ్టు వరుస అంతా బయటి గేటు దగ్గర ఆగి ఉంది. సేఫ్టీ సారు గీత పక్కన నిలబడ్డాడు. స్టూలు మీద సీసాలక్క. బాబాయి గది తలుపు తీసుకుని బయటికి రాగానే ఎవరో అన్నారు: "ఒరేయ్, బాబాయికి కాళ్లున్నాయిరా!"

"ఇన్నాళ్లూ నడుం దాకానే అనుకున్నాం కదరా!"

"స్టూలుకే మొలిచాడని మా ఆవిడతో పందెం కూడా వేశాను."

బాబాయి నవ్వాడు. గీత మొదట నిలబడ్డాడు. జనం నవ్వు మొదటి మూడు అడుగుల దాకా ఉంది. తరువాత చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపించింది. తిన్నగా నడవాలని ఆయన ఎంత బిగుసుకుంటే పాదాలు అంత నేలకు అంటుకుపోయాయి. పాదం ఎక్కడ ఆనిందో చూసుకుంటే గానీ తెలియదు. చూసుకుందామంటే తల వంచాలి. తల వంచితే అందరికీ తెలిసిపోతుంది. కొలిమి దగ్గరివాళ్లు నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై రెండు అడుగుల చోటు ముప్పై ఒక్క అడుగైంది. ఆయన లెక్కపెట్టుకున్నాడట.

లోపలి గేటు పట్టుకుని వెనక్కి తిరిగేసరికి సీసాలక్క అప్పటికే రాస్తోంది. పెన్ను ఊచకు కట్టి ఉండటం వల్ల పుస్తకాన్ని వంకరగా పెట్టుకుని, ఒక్కో అక్షరమూ ఆగి ఆగి.

"ఏం రాశావమ్మా?" అన్నాడు సేఫ్టీ సారు.

"లింప్ అండి."

సారు ఒకసారి గీత వంక చూశాడు. "కుంటా? నాకలా అనిపించలేదే. ఏ కాలు?"

"ఎడమ కాలండి. నాదీ అదే. పదకొండేళ్లుగా కుంటుతున్నదాన్ని, కుంటు నాకు తెలియదా సార్? ఇదిగో, మీ పట్టికలోనే ఉంది. కూర్చునే పని. ఆయన కూర్చునే ఉన్నాడు."

వరుసలో ఎవరూ నోరు మెదపలేదు. ట్రాలీ అతను కూడా. సారు పుస్తకం తిప్పి, మాట చదివి, సంతకం పెట్టాడు. పెట్టి, వెళ్లబోతూ ఆగాడు.

"సరే. వచ్చే నెల కూడా చూస్తాను. కుంటు కుంటుగానే ఉండాలి. మాట మారిందంటే ముదిరిందన్నమాట. అప్పుడు డాక్టరు దగ్గరికే."

అందరూ లోపలికి వెళ్లిపోయాక బాబాయి కిటికీ దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ జోడించబోయాడు. సీసాలక్కే అంది:

"నాకు దండాలు పెట్టకు అన్నయ్యా. నీ కోసం రాయలేదు. వదిన ఎక్కడికి పోతుందని రాశాను. తాతకు కూడా ఒక ఇల్లాలు ఉందని ఆ రోజు నీకు గుర్తు రాలేదు." స్టూలు దిగి, తుంటి సర్దుకుని, రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఇంక రోజూ కుంటాలి మరి. ఒట్టి గీత మీదే కాదు, ఊరంతా చూస్తోంది. చెప్పులో గులకరాయి వేసుకో, దానంతట అదే వస్తుంది."

గులకరాయి వేసుకున్నాడు. అరికాలికి రాయి కూడా తెలియలేదు. రాయి చెప్పులో ఉందనే మర్చిపోయాడు; ఆ రాత్రి భార్య కాళ్లు కడుగుతుంటే నెత్తురు కనిపించింది. అప్పటినుంచి కుంటును లెక్క పెట్టుకుని నేర్చుకోవలసి వచ్చింది. ఉదయం సీసాలక్క ముందు నడుస్తుంది, ఆయన వెనక. "ఎడమ పెట్టు, నడుం దించు, కుడి గబుక్కున. ఎడమ పెట్టు, నడుం దించు..." పాదం ఎత్తడమే చేతకాని మనిషికి ఎత్తి దించే నడక నేర్పుతోందావిడ. కొలిమి వైపునుంచి వచ్చేవాళ్లు ఇద్దరినీ చూసి, పక్కకు తప్పుకుని దారి ఇస్తారు.

ఆయన ఇప్పుడు మంచినీళ్లు తాగుతున్నాడు. మరుగుదొడ్డికి వెళ్లవచ్చు, కుంటేవాడు నలుగురిలో నడవడంలో వింత లేదు. కాని ఆ గది ఆయనతో పాటే బయటికి వచ్చినట్టు నాకు తోస్తుంది. బజారులో, బస్సు స్టాపులో, కూరల బండి దగ్గర, ఎక్కడ చూసినా పెదవులు మెల్లగా కదులుతూ ఉంటాయి. లెక్క. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి నడుస్తూ ఎవరితోనూ మాట్లాడడు.

సాయంత్రాలు పెరట్లో అభ్యాసం చేస్తాడు. గోడకు ఇవతలినుంచి నాకు ఆయన తల మాత్రమే కనిపిస్తుంది. పోయిన ఏడాది ఆ తల గోడ మీదుగా, బెల్టు మీద సాగే సీసాలా, ఎత్తు మారకుండా సాగిపోయేది. ఇప్పుడు రెండు అడుగులకొకసారి మునిగి తేలుతుంది. లోపలినుంచి భార్య గొంతు వినిపిస్తుంది.

"ఇంట్లోనన్నా మామూలుగా నడవండి. ఇక్కడ ఎవరు చూస్తారు?"

"అలవాటు తప్పుతుందే."

"ఇంకా ఎన్నాళ్లు?"

"పదకొండు నెలలు."

నిన్న నేను మొక్కలకు నీళ్లు పోస్తూ చాలాసేపు ఆ తలను చూశాను. మునుగుతోంది, తేలుతోంది. ఎక్కడో తప్పు ఉందనిపించింది. బిడ్డల చదువులు దిద్దిన కన్ను కదా, తప్పు ఎక్కడుందో పట్టుకునేదాకా ఊరుకోదు. లింప్ అన్న మాట ఆయన నడకకు సరైనది కాదని నాకు తెలుసు. సరైన మాట నేర్పినదాన్నీ నేనే. నీళ్ల చెంబు కింద పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి, అవతలికి తొంగి చూసి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అన్నాను:

"బాబాయిగారూ, మీరు కుడి కాలు కుంటుతున్నారు. ఎడమ. సీసాలక్క సారుకు చెప్పింది ఎడమ."

తల ఆగింది. తరువాత మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.